క్షయకరణం అనే పేరు, కలయిక అనే కథ: జన్యువైవిధ్యాన్ని వివరించే తెలుగు శాస్త్రవచనంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఒకే తల్లిదండ్రుల సంతానంలో వైవిధ్యం ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు తెలుగులో స్థిరపడిన సమాధానం ‘తల్లిదండ్రుల లక్షణాల కలయిక’. ఈ సమాధానం అసలు పనిని ఒక తరం ఆలస్యంగా చూపుతోందన్నది ఈ వ్యాసంలోని వాదన. జన్యువుల పునర్వితరణ తల్లిలోనూ తండ్రిలోనూ బీజకణాలు ఏర్పడేటప్పుడే, వారి వారి తల్లిదండ్రుల నుంచి వచ్చిన క్రోమోజోముల మధ్య జరుగుతుంది. ‘క్షయకరణ విభజన’ అనే పారిభాషికపదం, దాని చుట్టూ అల్లుకున్న వాక్యాలు, ఉపమానాలు ఈ విషయాన్ని ఎలా మరుగుపరుస్తున్నాయో, అందువల్ల విత్తనం గురించీ మేనరికం గురించీ మన అవగాహన ఎక్కడ కుంటుపడుతోందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్షయకరణ విభజన, వినిమయం, పునఃసంయోజనం, స్వతంత్ర వ్యూహనం, సంకరం, మేనరికం, శాస్త్రపరిభాష.

1. ఉపోద్ఘాతం

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రాన్ని తెలుగు మాధ్యమంలో చదివినవారిని క్షయకరణ విభజన గురించి అడిగితే లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్, డిప్లోటీన్, డయాకైనసిస్ అన్న అయిదు ఉపదశల పేర్లు వరుస తప్పకుండా వస్తాయి. అన్నదమ్ములు ఒకరిలా ఒకరు ఎందుకు ఉండరని అడిగితే మాత్రం “తల్లి లక్షణాలు కొన్ని, తండ్రి లక్షణాలు కొన్ని కలుస్తాయి కాబట్టి” అన్న జవాబు వస్తుంది. మొదటి పాఠం జాడ రెండో జవాబులో ఎక్కడా కనబడదు. ఆ జవాబును కాస్త నిలదీస్తే అది నిలబడదు కూడా. తల్లి ఆమే, తండ్రి ఆయనే. కలిసేవి ప్రతిసారీ అవే అయితే ఫలితం ప్రతిసారీ ఎందుకు మారాలి? కలయిక అన్న మాట ఒక్కటే దీనికి బదులు చెప్పలేదు.

విద్యార్థి శ్రద్ధలో లోపమని దీన్ని తోసిపుచ్చడం తేలిక. పాఠం చెప్పే వచనంలోనే ఈ తెగుదల ఉందన్నది నా అభిప్రాయం. పాఠ్యరచనలో అలవాటైన క్రమం ఇది: ముందు ‘క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే విభజన’ అన్న నిర్వచనం, తరువాత దశల వర్ణన, చివర ‘ప్రాముఖ్యం’ అన్న ఉపశీర్షిక కింద ‘వైవిధ్యానికి తోడ్పడుతుంది’ అన్న ఒక వాక్యం. దశల పటాలకు పుటలు, వైవిధ్యానికి పంక్తి. ఈ నిష్పత్తి వెనుక ఒక చరిత్ర ఉంది. అది పేరు దగ్గరే మొదలవుతుంది.

2. పేరు వెనుక ప్రశ్న

ఈ విభజనకు నేడు ప్రపంచమంతా వాడే మియోసిస్ అన్న పేరును 1905లో ఫార్మర్, మూర్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు గ్రీకు మాట నుంచి చేశారు. దాని అర్థం ‘తగ్గడం’. సాహిత్య విద్యార్థులకు ఇంకో సంగతి ఆసక్తి కలిగించవచ్చు. పాశ్చాత్య అలంకారశాస్త్రంలో అదే మాట, ఉన్నదాన్ని తక్కువ చేసి చెప్పే అలంకారానికి పేరు. మన అతిశయోక్తికి ఎదురుదిక్కున ఉండేది. జీవశాస్త్రంలోనూ ఆ పేరు తన పని చక్కగా చేసిందనాలి.

తగ్గడమే ఎందుకు ముందు కంటబడింది? 1883లో వాన్ బెనెడెన్ గుర్రాల పేగుల్లో బతికే ఒక నులిపురుగును పరిశీలించి, అండమూ శుక్రకణమూ సమాన సంఖ్యలో క్రోమోజోములు తెస్తాయని చూపాడు. అలాగైతే తరతరానికీ ఆ సంఖ్య రెట్టింపు కావాలి, కావడం లేదు. ఎక్కడో ఒకచోట అది సగమై తీరాలని 1887లో వైస్మన్ తర్కించాడు. అంటే ఈ విభజన శాస్త్రంలోకి లెక్కల చిక్కుకు పరిష్కారంగా అడుగుపెట్టింది. విచిత్రమేమిటంటే, ప్రకృతివరణానికి కావలసిన వైవిధ్యం లైంగిక ప్రత్యుత్పత్తి నుంచే వస్తుందని అంతకు ఏడాది ముందు, 1886లో, అదే వైస్మన్ వాదించి ఉన్నాడు. రెండు సంగతులూ ఒకే మనిషి చూశాడు, పేరుకెక్కింది ఒకటే. జతకట్టిన క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయని జాన్సెన్స్ ప్రతిపాదించే నాటికి (1909) పేరు స్థిరపడిపోయింది. మొక్కజొన్నలో క్రైటన్, మెక్‌క్లింటాక్, పండ్ల ఈగలో స్టెర్న్ ఆ మార్పిడిని కంటికి కనబడేలా రుజువు చేసింది 1931లో.

మన ‘క్షయకరణ విభజన’ గ్రీకు మాటకు నమ్మకమైన అనువాదం. ఆ నమ్మకంలోనే చిక్కుంది. తెలుగు చెవికి క్షయ అనగానే వినిపించేది వ్యాధి. ఆ తరువాత భూమి క్రమక్షయం. రెండూ నష్టాన్నే చెబుతాయి. దీనికి జోడీగా మైటోసిస్‌కు ‘సమవిభజన’ అన్న పేరు పెట్టుకున్నాం. ఒకవైపు సమత, ఇంకోవైపు క్షయం. ఈ జంటను వరుసగా చదివిన విద్యార్థికి ఒకటి సవ్యమైనదీ ఇంకొకటి కొరతపడినదీ అనిపిస్తే ఆశ్చర్యమేముంది? అక్షయపాత్ర కథ తెలిసిన భాషలో, అంతులేని మేళవింపులను పుట్టించే ప్రక్రియకు క్షయమని పేరు పడింది. అయినా పేరు మార్చాలని నేను అనడం లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పుస్తకాలతో చదువుకున్న తరాలకు ఈ పరిభాష ఉమ్మడి ఆస్తి. దాన్ని కదిలిస్తే లాభం కన్నా గందరగోళం ఎక్కువ. మార్చవలసింది పేరును ఆనుకొని ఉన్న వాక్యాన్ని.

3. ఒక తరం ముందటి పని

ఆ వాక్యం ‘తల్లిదండ్రుల లక్షణాల కలయిక’. ఇందులో ‘తల్లిదండ్రుల’ అన్న మాటే పక్కదారి పట్టిస్తోంది.

ఒక స్త్రీ శరీరంలోని కణాల్లో 23 జతల క్రోమోజోములుంటాయి. ప్రతి జతలో ఒకటి ఆమె తల్లి ఇచ్చినది, ఇంకొకటి ఆమె తండ్రి ఇచ్చినది. ఆమెకు పుట్టబోయే బిడ్డ వైపు నుంచి చెబితే ఒకటి అమ్మమ్మది, ఇంకొకటి తాతయ్యది. శరీరం పెరిగేటప్పుడు జరిగే కోటానుకోట్ల సమవిభజనల్లో ఈ రెండూ ఒకే కేంద్రకంలో ఉంటూనే దాదాపు ఎవరి దారిన అవి నడుస్తాయి. క్షయకరణ విభజన మొదటి దశలో మాత్రం ఒకదాన్నొకటి వెతుక్కుని, నిలువునా జతకట్టి, సరిగ్గా ఒకే స్థానాల్లో తెగి, ముక్కలు మార్చుకుంటాయి. దీన్నే వినిమయం అంటున్నాం. ఆ తరువాత ప్రతి జతలోనూ ఏది ఎటు పోతుందన్నది మిగతా జతలతో నిమిత్తం లేకుండా తేలుతుంది. కాబట్టి అండంలోకి చేరే ఒక్కొక్క క్రోమోజోమూ చాలామటుకు అమ్మమ్మ ముక్కా తాతయ్య ముక్కా అతికిన కొత్త ప్రతి. అలాంటిది అమ్మమ్మకూ లేదు, తాతయ్యకూ లేదు, అమ్మకూ లేదు.

అంటే బిడ్డ కడుపున పడేసరికే కలగలపడం ముగిసింది. ఫలదీకరణం చేసేది, ఇలా కలగలిసి వచ్చిన రెండు సగాలను పక్కపక్కన చేర్చడం. ఏ అండం ఏ శుక్రకణంతో కలుస్తుందన్న యాదృచ్ఛికత అక్కడ తోడవుతుంది, నిజమే. కానీ తల్లి ముక్కలూ తండ్రి ముక్కలూ ఒకే క్రోమోజోము మీద అతుక్కోవడం ఆ బిడ్డ ఎదిగి, తన బీజకణాలు తయారయ్యేటప్పుడు గాని జరగదు. దాని ఫలం మనవల్లో కనబడుతుంది. తల్లిదండ్రుల క్రోమోజోములు నిజంగా ‘కలిసేది’ మనవల కోసమే అన్నమాట. పిల్లల్లో కలిసి కనిపించేవి తాత అవ్వలవి.

స్త్రీల విషయంలో ఈ కాలక్రమం మరీ విస్మయం గొలుపుతుంది. ఆడశిశువు ఇంకా గర్భంలో ఉండగానే ఆమె అండమాతృకణాలు క్షయకరణ విభజనలోకి దిగుతాయి. వినిమయం పూర్తిచేసుకుని డిప్లోటీన్ దగ్గర ఆగిపోతాయి. యుక్తవయస్సు వచ్చాక నెలనెలా ఒక్కొక్క అండం విడుదలయ్యే వేళకు మొదటి విభజన ముగుస్తుంది. రెండోది శుక్రకణం ప్రవేశించాకగాని పూర్తికాదు. 1960లో పుట్టిన తల్లికి 1985లో ఒక బిడ్డ పుట్టిందనుకుందాం. ఆ బిడ్డకు తల్లివైపు నుంచి వచ్చిన క్రోమోజోముల్లో ఏ ముక్క అమ్మమ్మది, ఏ ముక్క తాతయ్యది అన్న అతుకు పడింది ఆ తల్లి తన తల్లి కడుపులో ఉన్నప్పుడు, అంటే పాతికేళ్ల ముందు. పురుషులలో అలా కాదు. యుక్తవయస్సు నుంచి ఆ పని ఎడతెగక సాగుతూనే ఉంటుంది. క్షయకరణ విభజనను పటాలతో వర్ణించే పాఠాల్లో ఈ తేదీల సంగతి పక్కన చిన్నగా ఉండిపోవడం నాకు పెద్ద లోటుగా తోస్తుంది. పటానికి కాలం లేదు, కథకు ఉంది.

మన ఇళ్లలో వినిపించే ‘మేనమామ పోలిక’ అన్న మాటను ఈ వెలుగులో చూడవచ్చు. మేనమామ బిడ్డకు ఏ క్రోమోజోమూ ఇవ్వడు. అయితే ఆయనకూ ఆయన తోబుట్టువుకూ అమ్మమ్మ తాతయ్యల నుంచే ముక్కలు వచ్చాయి. తల్లిలో అణగి ఉన్న ఒక అంతర్గత లక్షణం మేనమామలో పైకి కనబడి, తల్లి ద్వారా వచ్చి మేనల్లుడిలో మళ్లీ పైకి రావచ్చు. మేనమామకూ మేనల్లుడికీ సగటున నాలుగో వంతు ఉమ్మడి. ‘తల్లి లక్షణాలూ తండ్రి లక్షణాలూ కలుస్తాయి’ అన్న వాక్యంలో ఈ మేనమామకు చోటు లేదు. లోకానుభవానికి ఉన్న చోటు పాఠంలో లేకపోవడం శాస్త్రవచనానికి శోభ కాదు.

4. పేకముక్కలు, తాళపత్రాలు

వైవిధ్యాన్ని వివరించేటప్పుడు తరచు ఎదురయ్యే ఉపమానం పేకముక్కలు కలపడం. దానితో పాటు ఒక లెక్కా వస్తుంది. 23 జతలు స్వతంత్రంగా విడిపోతే ఒక మనిషి నుంచి 83,88,608 రకాల బీజకణాలు సాధ్యం. ఇద్దరి లెక్కా గుణిస్తే 70 లక్షల కోట్లకు పైమాటే. ఈ సంఖ్య విద్యార్థిని అబ్బురపరుస్తుంది, అక్కడితో ఆలోచన ఆగుతుంది. పేకముక్క ఎన్నిసార్లు కలిపినా చినగదు. క్రోమోజోము తెగుతుంది. వినిమయాన్ని విడిచిపెట్టి లెక్కవేసిన ఈ అంకె, అసలు సంగతిలో ముఖ్యభాగాన్ని వదిలేసిన అంకె. మనిషిలో ఒక్కో బీజకణానికి చేరే వినిమయాలు సగటున పురుషులలో దాదాపు 25 నుంచి 30, స్త్రీలలో దాదాపు 40 ఉంటాయి. వాటి స్థానాలు ప్రతిసారీ మారతాయి. దానితో సాధ్యమైన మేళవింపులకు లెక్క చెప్పడమే అర్థరహితమవుతుంది.

తెలుగు పరిశోధకులకు ఇంతకంటే దగ్గరి ఉపమానం ఒకటుంది: పాఠపరిష్కరణ. ఒకే కావ్యానికి రెండు తాళపత్ర ప్రతులున్నాయి. పద్యాల వరుస ఒకటే, అక్కడక్కడ పాఠాంతరాలు. లేఖకుడు కొంతదూరం ఒక ప్రతి చూసి రాసి, ఒక పద్యం దగ్గర ఆపి, రెండో ప్రతిలో సరిగ్గా ఆ పద్యం నుంచే అందుకుంటాడు. తయారైన మూడో ప్రతిలో పద్యం ఒక్కటీ లోపించదు, ఒక్కటీ రెండుసార్లు రాదు. పాఠాల కూర్పు మాత్రం అంతకుముందు లేనిది. యుగ్మవికల్పాలు పాఠాంతరాలు, వినిమయస్థానం ప్రతి మారిన చోటు. సి.పి. బ్రౌన్ పండితులచేత ప్రతులు పోల్చి చూపించి శుద్ధప్రతులు సిద్ధం చేయించిన సంగతి తెలిసినవారికి ఈ పోలిక వెంటనే అందుతుంది. అయితే ఒక తేడా మరువకూడదు. పరిష్కర్త మంచి పాఠాన్ని ఎంచుకుంటాడు. కణానికి ఆ ఎంపిక లేదు.

ఈ ఉపమానం వల్ల ఇంకో మేలుంది. రెండు ప్రతుల్లోనూ పాఠం ఒకటే అయిన చోట లేఖకుడు ఎన్నిసార్లు ప్రతి మార్చినా కొత్త పాఠం పుట్టదు. పునఃసంయోజనం ఉన్న తేడాలనే కొత్తగా కూరుస్తుంది. తేడాలు పుట్టేది ఉత్పరివర్తనల వల్ల, మనిషిలో తరానికి సుమారు 60, 70 చొప్పున. ‘క్షయకరణ విభజన వైవిధ్యాన్ని సృష్టిస్తుంది’ అన్నప్పుడు ‘సృష్టి’ అన్న క్రియ ఈ రెంటినీ కలిపేస్తుంది. పునర్వితరణ అన్న మాట ఇక్కడ నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఆ పునర్వితరణ ఎంత అసమానంగా ఉంటుందో 2006లో పీటర్ విషర్ బృందం కొలిచింది. 4,401 తోబుట్టువుల జంటల్లో ఉమ్మడిగా ఉన్న జన్యుభాగం సగటు సగమే అయినా, జంట జంటకూ అది దాదాపు 37 శాతం నుంచి 62 శాతం వరకు మారింది. తోబుట్టువులు ‘సగం’ ఒకటే అనడం సగటు మాట.

5. ‘వ్యూహనం’, ‘కోసం’

మెండెల్ రెండో సూత్రానికి మనం పెట్టుకున్న ‘స్వతంత్ర వ్యూహనం’ అన్న పేరు గురించి ఒక్క మాట. సంస్కృతంలో వ్యూహం అమరిక. తెలుగులో అది ఎత్తుగడగా మారి చాలాకాలమైంది. పూర్తిగా యాదృచ్ఛికమైన ఒక సంఘటనకు ముందుచూపును అంటగట్టే పేరు ఇది. ‘వైవిధ్యం కోసమే ప్రకృతి లైంగిక ప్రత్యుత్పత్తిని ఏర్పరచింది’ అన్న వాక్యధోరణికి ఇలాంటి మాటలు ఊతమిస్తాయి. కణస్థాయిలో వినిమయానికి తక్షణ ప్రయోజనం వేరే ఉంది. ముక్కలు మారిన చోట పడే ముడి, అంటే కయాస్మా, జత క్రోమోజోములను విడిపోయే ఘడియ దాకా కలిపి ఉంచుతుంది. ఆ ముడి సరిగా పడకపోతే, లేదా ఏళ్ల తరబడి ఆగి ఉన్న అండంలో ఆ పట్టు సడలితే, పంపకం తప్పుతుంది. 21వ క్రోమోజోము మూడు ప్రతులుగా ఉండే డౌన్ సిండ్రోమ్ వంటివి అలా వస్తాయి. మగ పండ్ల ఈగలో వినిమయమే లేదు. ఆ జీవి వేరే ఉపాయంతో పంపకం నడుపుకుంటుంది. ‘కోసం’ అన్న విభక్తిని జీవశాస్త్రంలో ఆచితూచి వాడాలి.

6. చేలోనూ ఇంట్లోనూ

పరిభాషపై ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. ఈ పాఠం అర్థం కాకపోతే దెబ్బతినేది పరీక్షాపత్రం ఒక్కటే కాదు.

పత్తినే తీసుకుందాం. వాణిజ్యసాగుకు వచ్చిన తొలి సంకర పత్తి, హైబ్రిడ్-4, 1970లో సూరత్ పరిశోధనకేంద్రం నుంచి విడుదలైంది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కూడా మనదేశంలో ప్రధానంగా సంకర రకాల రూపంలోనే వ్యాపించింది. గుంటూరు, వరంగల్, ఆదిలాబాదు రైతులు ఏటేటా విత్తనం కొనవలసి రావడానికి మూలం ఇక్కడుంది. సంకరపు మొదటి తరంలో ప్రతి మొక్కకూ ఒకే కూర్పు. చేను ఏకరీతిగా ఉంటుంది. ఆ చేలో తీసిన గింజ నాటితే, ఆ మొక్కల్లో జరిగిన క్షయకరణ విభజన రెండు జనకాల పాఠాలనూ చెల్లాచెదురు చేస్తుంది. మొక్క మొక్కకూ ఎత్తు, కాయ, కాలం మారిపోతాయి. 1998లో అమెరికాలో ‘టెర్మినేటర్’ పేటెంటు వెలువడ్డాక సాగిన వివాదంలో, కొన్న విత్తనం నుంచి తీసిన గింజ మొలకెత్తదన్న ప్రచారం విస్తృతంగా సాగింది. ఆ పద్ధతి మార్కెట్లోకి రానేలేదు. సంకరపు గింజ చక్కగా మొలుస్తుంది; అది చెదిరిపోయి మొలుస్తుంది. గింజ చచ్చినదనుకోవడానికీ, గింజలోని కూర్పు విడిపోయిందని తెలియడానికీ మధ్య రైతు హక్కుల చర్చ దిశే మారుతుంది. ఆ తేడాను చెప్పగల తెలుగు వాక్యం ఆనాడు చర్చలో బలంగా వినిపించలేదు. ‘సంకరం’ అన్న మాట కూడా ఆదుకోలేదు. వర్ణసంకరం అన్న పాత నింద దానికి అంటుకునే ఉంది. అందుకే కాబోలు విత్తన దుకాణం గర్వంగా హైబ్రిడ్ అంటుంది.

బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, దీనికి ఎదురు ఉదాహరణ. వరి స్వపరాగసంపర్కం చేసుకునే పంట. తరాల తరబడి ఎంపిక చేసి శుద్ధవంశక్రమంగా స్థిరపరచిన రకం కనుక, అందులోనూ క్షయకరణ విభజన యథావిధిగా జరుగుతున్నా, రెండు ప్రతుల్లోనూ పాఠం ఒకటే. రైతు తన గింజ తానే దాచుకోవచ్చు. విభజన ఒకటే, ఒక చోట చేను చెదిరింది, ఇంకో చోట చెదరలేదు. ‘క్షయకరణ విభజన వల్ల వైవిధ్యం వస్తుంది’ అన్న వట్టి సూత్రం ఈ రెండు చేలనూ వేరుచేసి చూపలేదు.

బంగినపల్లి మామిడిని అంటుకట్టి పెంచుతారే తప్ప టెంక పాతి పెంచరు. టెంక చుట్టూ ఉన్న గుజ్జు తల్లిచెట్టుదే. లోపలి పిండం మాత్రం కొత్త కూర్పు. పశ్చిమతీరపు కొన్ని రకాల్లో టెంకలోని తల్లికణజాలం నుంచే పిండాలు పుట్టి తల్లినే పోలి ఉంటాయి గాని మన బంగినపల్లి అటువంటిది కాదు. టెంక మామిడిని నమ్మరాదని తోటరైతుకు తరతరాలుగా తెలుసు. పాఠానికి ఇంతకంటే మంచి ఆరంభం ఎక్కడ దొరుకుతుంది?

ఇక మేనరికం. దీని గురించిన మన సంభాషణంతా ‘రక్తం’ అన్న మాట మీద నడుస్తుంది. ఆరోగ్యప్రచారం కూడా ‘రక్తసంబంధీకుల వివాహాలు’ అనే అంటుంది. రక్తం ద్రవం. ద్రవం చిక్కబడుతుంది, పలచబడుతుంది, సగం సగంగా కలుస్తుంది. డార్విన్ కాలంలో వారసత్వాన్ని ఇలాగే ఊహించారు. అలా అయితే వైవిధ్యం తరతరానికీ కరిగిపోవాలని 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ లేవనెత్తిన ఆక్షేపణకు ఆనాడు సరైన జవాబు లేకపోయింది. జన్యువులు ద్రవంలా కలవవు. ఒకే కణంలో పక్కపక్కనే ఉండి, క్షయకరణ విభజనలో చెక్కుచెదరక విడివడతాయి. మేనమామ మేనకోడళ్ల బిడ్డలో జన్యుస్థానాల్లో సగటున ఎనిమిదో వంతు, మేనత్త మేనమామ బిడ్డల వివాహంలో పుట్టిన బిడ్డలో పదహారో వంతు, రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చినవై ఉంటాయి. అక్కడ ఒక హానికర అంతర్గత జన్యువు ఉంటే దాన్ని కప్పేందుకు రెండో పాఠం లేదు.

రక్తపు ఊహకూ క్రోమోజోము లెక్కకూ తేడా సలహా ఇచ్చేచోట బయటపడుతుంది. మేనరికపు దంపతులకు పుట్టిన స్త్రీ ఏ బంధుత్వమూ లేని వ్యక్తిని పెళ్లాడితే, వారి బిడ్డలో ఆ ఎనిమిదో వంతు ఎంతవుతుంది? ద్రవపు లెక్కన సగానికి పలచబడాలి. నిజానికి అది సున్నా అవుతుంది, ఒక్క తరంలోనే. ఎందుకంటే రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి రావడానికి రెండో దారి మూసుకుపోయింది. అలాగే, “మా ఇంట మూడు తరాలుగా మేనరికాలే, ఏమీ కాలేదు” అన్న ధీమాకు కూడా ద్రవపు ఊహే ఆధారం. దంపతులిద్దరిలోనూ ఒకే అంతర్గత జన్యువు దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి అన్న అవకాశం కొత్తగా మొదలవుతుంది. ముందు పుట్టిన బిడ్డల ఆరోగ్యం ఆ లెక్కను తగ్గించదు. ఒక్కొక్క అండమూ ఒక్కొక్క శుక్రకణమూ తన పంపకాన్ని తాను వేరుగా పూర్తిచేసుకుని వచ్చినదే.